బ్యాడ్జీ లేని సైనికుడి రేడియేషన్ మోతాదును ఎలా లెక్కించారు?

ప్రశ్న (శ్రీధర్):
అమెరికా 1946లో బికినీ పగడపు దీవి వద్ద జరిపిన ‘క్రాస్‌రోడ్స్’ అణు పరీక్షల్లో సుమారు 42,000 మంది పాల్గొన్నారనీ, వారిలో రేడియేషన్ మోతాదును కొలిచే ఫిల్మ్ బ్యాడ్జీలు అందింది సుమారు 15 శాతం మందికేననీ చదివాను. మరి మిగిలినవారి రికార్డుల్లో మోతాదు అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయి? వాటిని ఎంతవరకు నమ్మవచ్చు?

జవాబు (రాఘవరావు):
నేను చాలాకాలం ఎక్స్‌రే విభాగంలో ఫిల్మ్ బ్యాడ్జీ తగిలించుకునే పనిచేశాను కనుక ముందు బ్యాడ్జీ సంగతి చెబుతాను. వెలుతురు చొరని కాగితంలో చుట్టిన చిన్న ఫిల్ము ముక్క, దానిలో కొంత భాగాన్ని కప్పే సీసపు రేకు, ఇంతే దాని నిర్మాణం. గామా కిరణాలు సోకినకొద్దీ ఫిల్ము నల్లబడుతుంది. కడిగిన తరువాత ఆ నలుపును డెన్సిటోమీటరుతో కొలిచి, తెలిసిన మోతాదు ఇచ్చిన ఫిల్ములతో పోల్చి అంకె వేస్తారు. చిక్కేమిటంటే వేడికీ తేమకీ కూడా ఫిల్ము నల్లబడుతుంది. పసిఫిక్ దీవుల్లో 1956లో జరిగిన ‘రెడ్‌వింగ్’ పరీక్షల్లో కొన్ని బ్యాడ్జీలు అలాగే పాడయ్యాయి.

అది అంకెను పెంచే లోపం. అంతకంటే పెద్దది మరొకటి ఉంది: ఊపిరితో లోపలికి పోయిన ప్లుటోనియం బ్యాడ్జీకి కనిపించనే కనిపించదు. 1946 జూలై 25న నీటి అడుగున జరిగిన ‘బేకర్’ పేలుడు లేపిన రేడియోధార్మిక జలాలు ఓడలను ముంచెత్తాయి. నావికులు ఆ డెక్కులను రుద్ది కడిగారు. రేడియేషన్‌ను పసిగట్టే వారి గైగర్ కౌంటర్లు ప్లుటోనియం వెలువరించే ఆల్ఫా కణాలను పట్టలేవు. ప్లుటోనియం జాడ బయటపడిన తరువాత, ఆగస్టు 10న ఆ శుభ్రపరిచే పనిని ఆపేశారు.

జవాబు (వసుంధర):
మీ మొదటి ప్రశ్నకు వస్తాను. ప్రమాదం ఎక్కువనుకున్న చోట పనిచేసేవారందరికీ, తక్కువనుకున్న బృందాల్లో కొందరికి మాత్రమే బ్యాడ్జీలు ఇచ్చారు. లేనివారికి తరువాతి కాలంలో తోటివారి రీడింగును అన్వయించడమో, ఆ ప్రాంతంలో కొలిచిన రేడియేషన్ తీవ్రతను అతడు అక్కడ గడిపిన గంటలతో గుణించడమో చేశారు. 1957 నాటి ‘స్మోకీ’ అణు పరీక్షలో పాల్గొన్నవారిలో ల్యుకేమియా (రక్త క్యాన్సర్) ఎక్కువగా కనిపించడంతో, అమెరికా రక్షణ శాఖ 1978లో ఈ రికార్డుల సమీక్షా కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. అప్పటికే 1973లో సెయింట్ లూయిస్‌లోని రికార్డుల కేంద్రంలో జరిగిన అగ్నిప్రమాదంలో లక్షలాది సైనికుల ఫైళ్లు కాలిపోయాయి. ఎవరు ఏ రోజు ఎక్కడ ఉన్నారో తేల్చడమే కష్టమైపోయింది.

నా ఉద్దేశంలో సగటు అంకె కంటే దాని గరిష్ఠ పరిమితే, అంటే ‘మోతాదు ఇంతకు మించి ఉండదు’ అని వేసిన అంకే, అనుమానాస్పదం. 2003లో అమెరికా జాతీయ పరిశోధన మండలి కమిటీ కూడా ఆ పరిమితులను తరచుగా తక్కువగా అంచనా వేశారనే తేల్చింది.

శ్రీధర్:
కృతజ్ఞతలు. అయితే జబ్బుపడ్డ సైనికులకిచ్చే పరిహారం కూడా ఈ అంకె మీదే ఆధారపడుతుందా?

వసుంధర:
అన్నిసార్లూ కాదు. 1988 చట్టం ప్రకారం జాబితాలో ఉన్న క్యాన్సర్లకు పరీక్షలో పాల్గొన్నట్లు రుజువైతే చాలు, మోతాదు అడగరు. జాబితాలో లేని వ్యాధి అయితే మాత్రం ఆ అంకె చుట్టూనే వాదన నడుస్తుంది.