అయిదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకి తాళం క్లాసు: ఏం కొనాలి, ఎక్కడ మొదలెట్టాలి?

ఎంవీపీ_మేడమీద:
విశాఖ ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంటు హాల్లో శనివారం సాయంత్రం ముప్పావుగంట తాళం క్లాసు నడుస్తోంది. పన్నెండు మంది పిల్లలు. నాకు గాత్రం వచ్చు, లయవాద్యం రాదు. టిక్కుటిక్కుమని లయ చూపే మెట్రోనోం 60లో (నిమిషానికి 60 దెబ్బలు) పెట్టి ఆదితాళం వేయిస్తుంటే రెండో ఆవర్తానికే, అంటే తాళం రెండో చుట్టుకే పరుగెత్తిపోతున్నారు, వేళ్ల లెక్క దగ్గర తప్పుతున్నారు. తల్లిదండ్రులేమో మృదంగం ఎప్పుడని అడుగుతున్నారు. చేతిలో ఆరు వేలున్నాయి. ఏం కొనమంటారు?

లఘువు_ద్రుతం:
60లో పెట్టడమే తప్పండీ. మనకి నెమ్మది తేలిక, ఈ వయసు వాళ్లకి నెమ్మదే కష్టం. దెబ్బకీ దెబ్బకీ మధ్య సెకను ఖాళీ ఉంటే అయిదేళ్ల పిల్ల దాన్ని లోపల ముక్కలు చేసుకోలేదు. ఆ ఖాళీ పట్టలేక ముందే కొట్టేస్తుంది. హాల్లో గుండ్రంగా నడిపించి, అడుగు ఏ వేగంలో పడుతోందో చూసి మెట్రోనోంనే దానికి కలపండి. 100, 110 దగ్గర తేలుతుంది. అక్కడి నుంచి నెలకి పది చొప్పున దింపండి. దించేటప్పుడు ప్రతి ఖాళీలోనూ నోటితో 'తకధిమి' నింపించాలి. నోరు ఆగితే చెయ్యి పరుగెడుతుంది.

ఆదితాళం రెండు నెలలాగండి. ముందు చతురశ్రజాతి ఏకతాళం, అంటే ఒక్క లఘువు: ఒక దెబ్బ, మూడు వేళ్లు. వేళ్లని గాల్లో మడిచి లెక్కపెట్టించకండి. బొటనవేలితో చిటికెన, ఉంగరం, మధ్య వేళ్లని వరసగా ముట్టుకోమనండి. స్పర్శ ఉంటే లెక్క తప్పదు. ఇది కుదిరాక రెండు ద్రుతాలు, అంటే దెబ్బ-విసురు, దెబ్బ-విసురు కలిపితే ఎనిమిది అక్షరాల (లెక్కల) ఆదితాళం అయిపోయింది.

జతులకి, అంటే తకిట, తకధిమి లాంటి లయ పలుకులకి మాటలు కట్టేటప్పుడు ఒక జాగ్రత్త. అన్నీ లఘువులే (ఇది తాళంలో లఘువు కాదు, ఛందస్సులో లఘువు, అంటే పొట్టి అక్షరం) ఉన్న మాటలు తీసుకోండి. తకిటకి 'పనస', తకధిమికి 'ఉడతలు', అయిదుకి 'పది పనస', ఏడుకి 'పనస ఉడతలు'. తకిటకి 'కొబ్బరి' అని నేర్పే వాళ్లున్నారు. దానికి అక్షరాలు మూడే, మాత్రలు (పలికే కాలం లెక్క) నాలుగు. పిల్లలు 'కొబ్' దగ్గర ఆగుతారు, లయ కుంటుతుంది. ఛందస్సు చదివిన వాళ్లు కూడా ఇక్కడ పప్పులో కాలేస్తారు, అదే వింత.

చెక్క_చిడత:
ఆరు వేలలో మృదంగం మాట మర్చిపోండి. పన్నెండు మందికి పన్నెండు వాయిద్యాలూ అక్కర్లేదు. ఆరుగురు వాయిస్తే ఆరుగురు నోటితో జతి చెప్పాలి, ఆవర్తాలు లెక్కపెట్టి మారాలి. మూసిన హాల్లో పన్నెండూ ఒకేసారి మోగితే ఎవరికీ తన దెబ్బ వినపడదు, ఇంకా గట్టిగా కొడతారు. గోల అక్కడే పుడుతుంది.

కోలాటం కర్రలు ఆరు జతలు తీసుకోండి. పొడవు పిల్లాడి మోచేతి నుంచి వేళ్ల చివర దాకా ఉంటే చాలు. చివరలు గరుకు కాగితంతో గుండ్రంగా అరగదీయాలి. ఒక కర్ర కదలకుండా పట్టుకోవాలి, రెండోది దాని మీద పడాలి. రెండు చేతులూ ఆడించారంటే దెబ్బ ఎప్పుడు పడుతుందో వాళ్లకే తెలీదు. ఎదురెదురుగా నిలబెట్టి ఆడించడం తర్వాతి మాట, వేళ్లు నలుగుతాయి. చిడతలు రెండూ ఒకే చేతిలో పట్టేంత పెద్ద చెయ్యి అయిదేళ్లకి ఉండదు, చేతికొకటి ఇచ్చి తట్టించండి.

గిలకలు కొనకండి, చేసుకోండి. చిన్న ప్లాస్టిక్ సీసాలో పావు వంతు చింతగింజలు. సగం దాటితే గింజ ఎగరడానికి చోటుండదు, మోత చచ్చిపోతుంది. రాగులు పోస్తే మెత్తగా 'సుయ్' మంటాయి, దెబ్బ అంచు వినపడదు, తాళానికి పనికిరావు. మూతకి బిగువుగా టేపు చుట్టండి, చంటిపిల్లలు వస్తే గింజలు నోట్లో పెట్టుకుంటారు.

డ్రమ్ముకి ఇరవై లీటర్ల ఖాళీ పెయింటు బకెట్లు చాలు, శుభ్రంగా కడిగాక. నేల మీద బోర్లిస్తే మూతి మూసుకుని 'ధబ్' మంటుంది అంతే. ఒక పక్క కింద పాత చెప్పు పెట్టి కొంచెం లేపండి, గుమ్మని మోగుతుంది. అంచు మీద కొడితే సన్నగా, మధ్యలో కొడితే బరువుగా. రెండు నాదాలున్నాయి కాబట్టి సమానికి, అంటే ఆవర్తం మొదటి దెబ్బకి మధ్య, మిగతావాటికి అంచు అని చెప్పొచ్చు.

ఒకసారి తప్పెటగుళ్ళు చూపించండి. మన ఉత్తరాంధ్ర కళే. గుండెల మీద తప్పెట, కాళ్లకి గజ్జెలు, ఎగురుతూ వాయిస్తారు. అడుగూ దెబ్బా ఒకటేనని పిల్లలకి నోటితో చెప్పక్కర్లేదు.

రవ్వముద్ద:
మృదంగం ఎప్పుడంటే, వయసు కాదు చూడాల్సింది. 22 అంగుళాల పొడవు మృదంగం ముందు కూర్చోబెట్టండి. భుజాలు పైకి లేవకుండా రెండు అరచేతులూ రెండు పక్కలా ఉన్న తోలు మూతల నడిమి దాకా అందితే సరే. మొదటి పాఠం త ధి తొం నం. పిల్లలు తేలిపోయేది 'నం' దగ్గర. ఉంగరం వేలు కరణ (కుడి మూత మధ్యలోని నల్లటి పూత) అంచున తేలిగ్గా ఆనాలి, చూపుడు వేలు మూత అంచుని కొట్టి వెంటనే లేవాలి. వాళ్లు చూపుడు వేలు అక్కడే నొక్కి ఉంచేస్తారు, నాదం నలిగిపోతుంది. వేలు నొప్పంటే ఆ రోజుకి ఆపేయండి.

విశాఖలో కొనేవాళ్లు గాలి సంగతి గుర్తుంచుకోవాలి. సముద్రపు తేమకి తోలు సాగి శ్రుతి దిగుతుంది, వానాకాలంలో మరీ. ఎండలో పెట్టకండి, కరణ పగుళ్లిస్తుంది. మూత చుట్టూ ఉన్న అల్లిక మీద పుల్ల ఆనించి రాయితో కిందికి కొడితే బిగుస్తుంది, పైకి కొడితే వదులవుతుంది. ఒక్కచోటే బాదకుండా చుట్టూ తిరుగుతూ కొట్టాలి. నట్టుబోల్టుల రకం బిగించడం తేలికని కొంటే ఉప్పుగాలికి తుప్పు పడుతుంది, బోల్టుల మీద అప్పుడప్పుడూ నూనెచుక్క వెయ్యాలి.

ఎడమ మూతకి వాయించే ముందు బొంబాయి రవ్వ ముద్ద పెట్టాలి. నీళ్లతో చపాతీ పిండి కంటే కొంచెం మెత్తగా కలిపి, ఆ చోటు తడిచేత్తో తుడిచి మధ్యలో గుండ్రంగా అద్దాలి. ఎక్కువైతే బండగా, తక్కువైతే పలచగా పలుకుతుంది. వాయించడం అయ్యాక తీసేసి తడిగుడ్డతో తుడవాలి. వదిలేస్తే ఎండి తోలుని లాగుతుంది, రాత్రికి ఎలకలొస్తాయి.

ఎంవీపీ_మేడమీద:
చాలా థాంక్స్ అండీ. కర్రలూ బకెట్లతోనే కానిస్తాను. ఒక బాబు అన్నీ ఎడమచేత్తోనే చేస్తాడు. చెయ్యి మార్పించాలా?

రవ్వముద్ద:
వద్దు. పళని సుబ్రహ్మణ్య పిళ్లై ఎడమచేతి వాటం మృదంగ విద్వాంసులే. వాద్యాన్ని తిప్పి పెట్టి, కరణ ఉన్న మూత ఎడమచేతికి వచ్చేలా కూర్చోబెట్టండి. తాళం వేసేటప్పుడూ ఏ చెయ్యి ముందుకొస్తే అదే. క్లాసులో మాత్రం వరసలో ఎడమ చివర కూర్చోబెట్టండి, లేకపోతే పక్కవాడి మోచెయ్యీ వాడి మోచెయ్యీ ఢీకొంటాయి.