పూతరేకుల పెట్టెకి 5 రూపాయలు: మా క్లబ్బు చేసింది సేవా, సేల్సా?

భీమవరం_బీటెక్:
మాది భీమవరంలో ఇంజినీరింగ్, మూడో సంవత్సరం. కాలేజీలో సేవా క్లబ్బు నడుపుతున్నాం. మొన్న సంక్రాంతికి ఒక స్వీట్ షాపు వాళ్లు వచ్చి, మా క్లబ్బు పేరు, మాకు తెలిసిన పిల్లల హోమ్ పేరు పూతరేకుల పెట్టె మీద వేస్తాం, అమ్మిన ప్రతి పెట్టెకి 5 రూపాయలు హోమ్‌కి ఇస్తాం అన్నారు. సరే అన్నాం. ముప్పై మందిమి నాలుగు రోజులు బస్టాండు దగ్గర స్టాల్ పెట్టాం. 1,200 పెట్టెలు పోయాయి, హోమ్‌కి 6,000 అందింది. ఇప్పుడు క్లబ్బులో గొడవ. జీతం లేని సేల్స్‌మెన్‌ని చేశారని సగం మంది. ఉగాదికి మళ్లీ చేద్దామని షాపు వాళ్లు అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?

తణుకు_మాస్టారు:
ముప్పై మంది తలా 200 వేసుకుంటే అదే 6,000 కదయ్యా. నేను కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రాం ఆఫీసర్‌గా చేశాను. గాంధీ గారి శతజయంతి ఏడాది, 1969లో మొదలైన పథకం అది. వాలంటీరు ఏడాదికి 120 గంటలు పని చెయ్యాలి. మా పిల్లలు మోకాలి లోతు నీళ్లలో దిగి కాలవలో గుర్రపుడెక్క తీశారు. ఏ పెట్టె మీదా వాళ్ల పేరు లేదు.

కోనసీమ_కోడలు:
తలా 200 వేసుకోవచ్చు మాస్టారూ, కానీ వేసుకున్నారా ఎప్పుడైనా? ఆ 6,000 స్టాల్ పెట్టబట్టే వచ్చింది. పైగా అలాంటి హోమ్ ఒకటుందని ఊళ్లో నలుగురికీ తెలిసింది. మా ఆడపడుచు పెట్టె మీద పేరు చూసే కొడుకు పుట్టినరోజుకి అక్కడ భోజనాలు పెట్టించింది. పేరు వేసుకున్నంత మాత్రాన పాపమేం కాదండీ.

అమలాపురం_బేకరీ:
నేనూ వ్యాపారినే కాబట్టి లోపలి మాట చెప్తానండి. పండగ రోజుల్లో కౌంటర్ దగ్గర కుర్రాణ్ణి పెడితే రోజుకి 500 తక్కువ ఎవరూ రారు. ముప్పై మంది, నాలుగు రోజులు అంటే 120 రోజుల కూలి, 60,000. మీవాళ్లు సగం సేపు సెల్‌ఫోన్లు చూస్తూ కూర్చున్నారనుకున్నా 30,000 ఎక్కడికీ పోదు. అది మిగిలించుకుని 6,000 ఇచ్చాడు. అంత చవకగా నాకెవరూ దొరకలేదు, ఆయ్!

కాకినాడ_ఆడిటర్:
ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1983లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ అనే క్రెడిట్ కార్డుల కంపెనీ వాళ్లు స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ మరమ్మతుల కోసం కార్డు గీకిన ప్రతిసారీ ఒక సెంటు ఇస్తామన్నారు. 17 లక్షల డాలర్లు పోగయ్యాయి, కార్డు వాడకమూ బాగా పెరిగింది. అందరూ అక్కడే నేర్చుకున్నారు. మన దగ్గర పెద్ద కంపెనీలకి సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) కింద లాభాల్లో 2 శాతం ఖర్చు పెట్టాలని 2013 చట్టం చెబుతుంది. అయితే సరుకు ప్రచారం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్ ఆ లెక్కలోకి రాదని 2021లో సవరించిన రూల్సు స్పష్టంగా అంటాయి. స్వీట్ షాపుకి ఈ చట్టం వర్తించదు. అయినా ఆ 5 రూపాయలు ప్రచార ఖర్చే, దాన్ని దానం అనడమే తప్పు. ఇచ్చింది కొన్నవాళ్లు, పేరు షాపుది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు.
ఇంతకీ పెట్టె మీద హోమ్ పేరేనా, ఇంకేమైనా ఉందా?

భీమవరం_బీటెక్:
పేరుతో పాటు ముగ్గురు పిల్లల ఫొటో ఉందండి. నవ్వుతూ ఉన్నది. హోమ్ వాళ్లే ఇచ్చారు.

లంక_కుర్రాడు:
ఇంతసేపూ ఊరుకున్నాను, ఇక చెప్తాను. ఎనిమిదో ఏట నుంచి నేను హోమ్‌లోనే పెరిగాను. పండగొస్తే ఎవరో ఒకరు బ్యానర్ పట్టుకుని వచ్చేవారు. పెట్టె చేతికిచ్చి, ఫొటో తీసి, మళ్లీ పెట్టె తీసుకుని ఇంకొకడి చేతికిచ్చేవారు. అప్పుడు నాకు సరదాగానే ఉండేది. పదో తరగతిలో మా నాన్న కువైట్‌లో ఉన్నాడని ఫ్రెండ్స్‌కి చెప్పుకునేవాణ్ణి. మా వైపు సగం ఇళ్లలో ఎవరో ఒకరు గల్ఫ్‌లోనే ఉంటారు కాబట్టి ఎవరూ అనుమానించలేదు. ఒకరోజు అందరం కలిసి ఒక షాపుకి వెళ్తే, గోడ మీద ఫ్లెక్సీలో నేనే. కింద "అనాథ బాలలకు అండగా" అని. ఎవడూ ఏమీ అనలేదు. తిరిగొచ్చేప్పుడు నా పక్కన సైకిల్ తొక్కుతున్నవాడు మాత్రం "కువైట్ నుంచి ఎప్పుడొస్తారు రా మీ నాన్న" అన్నాడు.
ఇంకోటి తమ్ముడూ. సంక్రాంతికి మాకు స్వీట్లు, అరటిపళ్లు గుట్టలు గుట్టలు. వారం తిరిగేసరికి సగం పారబోసేవాళ్లం. జూన్‌లో బడికి చెప్పులుండేవి కావు.

కాకినాడ_ఆడిటర్:
బాబూ బీటెక్, అర్జంటుగా విను. రక్షణలో ఉన్న పిల్లల ఫొటో, గుర్తుపట్టే వివరాలు బయటపెట్టకూడదని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్. ఆరు నెలల దాకా జైలో, 2 లక్షల దాకా జరిమానానో, లేదా రెండూనో. హోమ్ వాళ్లే ఇచ్చారంటే సరిపోదు.

కోనసీమ_కోడలు:
పేరు వేసుకుంటే పాపం కాదన్నాను. ఫొటో సంగతి నాకు తట్టలేదు.

భీమవరం_బీటెక్:
ఇవాళ షాపుకి వెళ్లొచ్చాం. ఫొటో తీసేయాలి, అమ్మకంతో పని లేకుండా 25,000 ముందే హోమ్ ఖాతాలో వెయ్యాలి, పెట్టె మీద ఆ మొత్తమే రాయాలి, స్టాల్‌లో మేం కూర్చోం అన్నాం. ఫొటో లేకపోతే అమ్మకం పడిపోతుందని ఓనరు గొణిగి, చివరికి దానికి ఒప్పుకున్నాడు. 25,000 మాట దగ్గర రేపు చెప్తానన్నాడు. మాలో కొందరు అప్పుడే అది కూడా వద్దంటున్నారు, గొడవ ఇంకా తెగలేదు.

అమలాపురం_బేకరీ:
15,000కి దిగుతాడు, చూడండి. మీరు 20,000 దగ్గర ఆగండి. పూతరేకులు జనం ఫొటో చూసి కొనరు, నెయ్యి చూసి కొంటారు.

లంక_కుర్రాడు:
ఎంతొచ్చినా ఉగాదికే ఖర్చు పెట్టేయనివ్వకండి. జూన్ 12కి బడులు తెరుస్తారు. చెప్పుల సైజులు నేను కనుక్కుని పెడతాను, హోమ్ పేరు నాకు విడిగా మెసేజ్ చెయ్యి. ఇక్కడ రాయొద్దు.