తుమ్మలబయలు దగ్గర చూసింది ఆడ కొండగొర్రేనా?

మాది గుంటూరు. మొన్న ఫిబ్రవరిలో శ్రీశైలం వెళ్తూ, నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలోని తుమ్మలబయలు వద్ద జీపు సఫారీకి వెళ్ళినప్పుడు, ఆకు రాలిన చెట్ల మధ్య మిగిలిన చిన్న నీటిమడుగు దగ్గర, మేకంత ఎత్తున్న, కొమ్ములు లేని గోధుమరంగు జంతువు ఒంటరిగా నిలబడి ఉండగా చూశాము. ముంగాళ్ళ ముందువైపు నల్లని చార స్పష్టంగా ఉంది. పులి కనిపించలేదన్న దిగులు, నిజం చెప్పాలంటే, అక్కడితో పోయింది.

వెంట వచ్చిన గైడు కొండగొర్రె (చౌసింగా అనే నాలుగు కొమ్ముల జింక) అన్నారు. మా బావగారు మాత్రం మొరిగే జింకేనని పట్టుబట్టారు. కొండగొర్రెల్లో నాలుగు కొమ్ములు మగవాటికే ఉంటాయి, నల్లమలలో ఈ రెండు జాతులూ ఉన్నాయి కనుక, ఆడవాటిని దూరం నుంచి గుర్తించడానికి ఆ చార ఒక్కటే చాలునా, లేక ముఖంలోనో తోకలోనో చూడవలసిన గుర్తులు ఇంకేమైనా ఉన్నాయా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు. కొండగొర్రె ఒకే చోట పదేపదే పెంటికలు వేస్తుందంటారు గానీ, సఫారీలో జీపు దిగనివ్వరు.