‘సెట్’ ఒకే మాటా, రెండు మాటలా?

కృష్ణాతీరం: మా అమ్మాయి పదో తరగతి. మొన్న రాత్రి లెక్కల్లో సమితులు చేసుకుంటూ అడిగింది, “నాన్నా, సమితిని ఇంగ్లీషులో సెట్ అంటారు, అలారం పెట్టడమూ సెట్టే, పొద్దు గూకడమూ సెట్టే, ఇదంతా ఒకటే మాటా?” అని. నేను ఒకటే అన్నాను, మా ఆవిడ కాదంది. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 ముద్రణలో దీనికి 430 అర్థాలు ఇచ్చారట. ఒక్క మాటకి అన్ని అర్థాలున్నాయంటే ఇంగ్లీషు ఎంత గొప్పదో, మనకి అలాంటి మాట ఒక్కటీ లేదు కదా అనిపించింది. మీరేమంటారు?

పాతపుస్తకం: మీ ఆవిడ గారిదే సరైన మాటండీ. అవి రెండు మాటలు, పుట్టిళ్లు వేరు.

మొదటిది క్రియ. పాత ఇంగ్లీషులో ‘సెట్టన్’, అంటే కూర్చోబెట్టడం. కూర్చోవడం ‘సిట్’, కూర్చోబెట్టడం ‘సెట్’. మనం ఆగు–ఆపు, తాగు–తాపు అన్నట్టే. ఇంగ్లీషులో డ్రింక్, డ్రెంచ్ కూడా ఒకప్పుడు అచ్చం తాగు, తాపు లాంటి జతే. అలారం సెట్ చేయడం, విరిగిన ఎముకని సెట్ చేయడం, సిమెంట్ సెట్ అవడం, ఇవన్నీ ఒక వస్తువుని దాని చోట కూర్చోబెట్టడం లోంచి వచ్చినవే. సూర్యుడి విషయంలోనూ అంతే, కిందికి దిగి కూర్చోవడం.

రెండోది నామవాచకం, గుంపు అనే అర్థం. అది లాటిన్ ‘సెక్టా’ నుంచి పాత ఫ్రెంచి ‘సెట్’ మీదుగా వచ్చింది. సెక్టా అంటే ఒకరి వెంట నడిచేవాళ్లు, మతశాఖ. ఇంగ్లీషులో ‘సెక్ట్’ కూడా దాని బిడ్డే. నగల సెట్, గిన్నెల సెట్, మీ అమ్మాయి సమితి ఈ వైపువి. పలకడం ఒకేలా ఉండేసరికి జనం రెండింటినీ కలిపేసుకున్నారు.

సైట్‌ఇంజినీర్: మీరు చెప్పిన చరిత్ర కాదనను. కానీ వాడేవాడికి పుట్టిళ్లతో పనేంటి? ఆరు గిన్నెలు ఒకదాంట్లో ఒకటి కూర్చుంటేనే కదా సెట్ అంటాం, అక్కడ కూర్చోవడమూ ఉంది, గుంపూ ఉంది. నాలుగు వందల ఏళ్లకి పైగా కలిసి కాపురం చేసిన రెండు మాటల్ని ఇప్పుడు విడదీయడం నిఘంటువు రాసేవాళ్ల అవసరం, మాట్లాడేవాళ్లది కాదు.

నాకు ఈ మాట రోజూ తగిలేది స్లాబు దగ్గర. మామూలు సిమెంట్ ముద్ద మొదటి సెట్టింగ్ 30 నిమిషాల లోపు జరగకూడదు, చివరి సెట్టింగ్ 600 నిమిషాలు దాటకూడదు అని మన దేశ ప్రమాణం. మా మేస్త్రీకి ఆ అంకెలు తెలియవు, బొటనవేలితో నొక్కి చూసి “ఇంకా సెట్ కాలేదు సార్, ఎవర్నీ ఎక్కనివ్వకండి” అంటాడు. నాకు తెలిసి ఆయన నోట్లో ఈ మాట ఎంత నిక్కచ్చిగా ఉంటుందో ఏ నిఘంటువులోనూ ఉండదు.

పాతపుస్తకం: మేస్త్రీ వాడింది మొదటి సెట్టే, అక్కడ మనకి తగాదా లేదు. గిన్నెల దగ్గర మాత్రం మీ మాటలో బలం ఉంది. గుంపు అర్థం మీద క్రియ నీడ పడిందని నిఘంటువులూ ఒప్పుకుంటాయి. అయినా కలిసిపోవడం వేరు, ఒకటిగా పుట్టడం వేరు. పాప అడిగింది రెండోదే అనుకుంటాను.

కృష్ణాతీరం గారూ, మనకి అలాంటి మాట లేదంటే మాత్రం నేను ఒప్పుకోను. ‘పెట్టు’ తీసుకోండి. అన్నం పెట్టు, పేరు పెట్టు, నిప్పు పెట్టు, దండం పెట్టు, ముద్దు పెట్టు, కొట్టు పెట్టు, షరతు పెట్టు, గుడ్డు పెట్టు, ఆవకాయ పెట్టు, ఫోన్ పెట్టెయ్. వీటిని ఎన్ని అర్థాలుగా లెక్కేస్తారు? ఆవకాయ పెట్టడమంటే కలపడం, ఫోన్ పెట్టెయ్యడమంటే ఆపడం. ఎక్కడ గీత గీయాలో రాసేవాడి ఇష్టం. ఆక్స్‌ఫర్డ్ వాళ్లే తర్వాత ‘రన్’ క్రియని మళ్లీ తవ్వితే 645 అర్థాలు తేలాయి, సెట్ వెనకబడింది. ‘పెట్టు’కి అంత ఓపిగ్గా ఎవరైనా కూర్చుంటే ఎన్ని తేలతాయో చూడాలని నాకు నిజంగా ఆశ.

గోంగూరకట్ట: సెట్ దోశ సంగతి మర్చిపోయారు, రెండో మూడో కలిపి ఇస్తారు కాబట్టి అది గుంపు సెట్టే.

నా బాధ వేరే. మనం ఈ మాటకి ఇంగ్లీషులో లేని అర్థం కూడా ఇచ్చేశాం. “ఆ ఊరి నీళ్లు నాకు సెట్ కాలేదు” అంటున్నాం, ఇంగ్లీషువాళ్లు అక్కడ ‘సూట్’ అంటారు, మనకేమో చక్కగా “నీళ్లు పడలేదు” ఉంది. సంబంధం సెట్ అయింది అంటున్నాం, “కుదిరింది” పోతోంది. కడవ ఒరిగిపోకుండా కింద పెట్టే చుట్టని కుదురు అంటాం. మా అమ్మమ్మ వంటింట్లో గడ్డి పేని చుట్టిన కుదురు ఉండేది, నీళ్ల కడవ దాని మీద దించాక రెండు చేతులతో ఓసారి కదిపి చూసి, కదలకపోతేనే వదిలేది. మీరు చెప్పే కూర్చోబెట్టడం అదే కదండీ.

కృష్ణాతీరం: మా అమ్మాయికి ఇదంతా చదివి వినిపించాను. కుదురు ఎలా ఉంటుందో చూపించమంటోంది. ఎవరింట్లోనైనా మిగిలుంటే ఫొటో పెట్టండి.