కంప్యూటర్లలో కోర్ మెమరీ ఉన్న కాలంలో మొదలుపెట్టి సొంత కన్సల్టెన్సీ నడిపినవాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?

అమీర్‌పేట99:

అందరికీ నమస్కారం. నాకు 48 ఏళ్ళు. 99లో అమీర్‌పేటలో కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని వైటూకే (2000 సంవత్సరం తేదీల సమస్య) హడావుడి చివర్లో ఉద్యోగంలో చేరా, అప్పట్నుంచీ మెయిన్‌ఫ్రేమే, అంటే పెద్ద కంపెనీలు వాడే పెద్ద కంప్యూటర్ల పనే, దాదాపు అంతా ఇన్సూరెన్స్ క్లయింట్లు. పోయిన నెల మా ప్రాజెక్టు మూసేసి మూడు నెలల జీతం చేతిలో పెట్టి పంపించేసారు. పెద్దమ్మాయి ఇంజినీరింగ్ సెకండియర్, ఇంటి లోను ఇంకా 6 ఏళ్ళుంది. మళ్ళీ ఉద్యోగం వెతుక్కోవాలా, సొంతంగా కన్సల్టింగ్ పెట్టుకోవాలా అని రోజూ రాత్రి ఇదే ఆలోచన.

మా మేనమామ 70ల్లో ఈసీఐఎల్‌లో (హైదరాబాదులోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ) చేసి తర్వాత చిన్న కన్సల్టెన్సీ నడిపారు. నేను ఎప్పుడూ కూర్చుని అడగలేదు, ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేరు. అందుకే ఇక్కడ అడుగుతున్నా. పేపర్ టేపు (ప్రోగ్రాంని రంధ్రాలుగా కొట్టిన కాగితపు పట్టీ) దగ్గర మొదలుపెట్టినవాళ్ళు మెషీన్లు అన్నిసార్లు మారినా ఎలా నిలబడ్డారు? మొదటి క్లయింట్ ఎలా దొరికాడు? డబ్బులు ఎలా అడిగేవారు? అనుభవం ఉన్న పెద్దలు చెప్తే చాలా సాయం చేసినవాళ్ళవుతారు.

పాత టీడీసీ:

బాబూ, మీ మేనమామగారూ నేనూ ఒకే క్యాంటీన్లో భోంచేసుంటాం, ఆ మాట చదవగానే మనసు ఒకలా అయిపోయింది. నేను 1974లో చేరా. అప్పటికి టీడీసీ-312 వచ్చింది, మరుసటేడు 316. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్, ముంబై అణు పరిశోధన కేంద్రం బార్క్‌లో పుట్టి మన ఈసీఐఎల్‌లో పెరిగింది, మొదటిది టీడీసీ-12 1969లో. ఇవాళ అందరూ ఏఎస్ రావు నగర్ అని ఆటో ఎక్కుతారే, ఆ ఏఎస్ రావు గారే మా సంస్థని నిలబెట్టినాయన, పశ్చిమ గోదావరి మోగల్లులో పుట్టినాయన.

మెషీన్ ఆన్ చేస్తే దానంతటది లేచేది కాదు. ముందు ప్యానెల్ మీద స్విచ్‌లు పైకీ కిందకీ వేసి లోడర్ని, అంటే అసలు ప్రోగ్రాంని లోపలికి తెచ్చే చిన్న ప్రోగ్రాంని, చేత్తో ఎక్కించాలి, ఆ తర్వాత పేపర్ టేపు పెట్టాలి. కోర్ మెమరీ అంటే సన్న తీగల మీద గుచ్చిన ఫెర్రైట్ రింగులు, కరెంటు పోయినా అందులో ఉన్నది పోదు, అందుకే కరెంటు పోయి వచ్చాక కూడా ఒక్కోసారి ఆపిన చోటి నుంచే నడిపించేవాళ్ళం, అది చూస్తే ఎంత సంతోషంగా ఉండేదో.

మీరడిగిన మొదటి క్లయింట్ కథ మాత్రం ఒక థర్మల్ పవర్ స్టేషన్ నుంచి మొదలవుతుంది. అక్కడ టెంపరేచర్లు రికార్డు చేసే కంప్యూటర్ ఉంది, రోజూ మధ్యాహ్నం మూడు దాటాక కొన్ని పాయింట్లు తక్కువ చూపిస్తున్నాయి, సాయంత్రానికి వాటంతటవే సర్దుకుంటున్నాయి. ప్రోగ్రాం తప్పన్నారు, సెన్సర్ సిగ్నల్‌ని అంకెలుగా మార్చే ఏ టు డి కార్డు తప్పన్నారు, రెండు కార్డులు మార్చారు కూడా. నేను వెళ్ళి ఏమీ విప్పకుండా రెండు రోజులు షిఫ్ట్ ఆపరేటర్ పక్కన కూర్చున్నా. రెండో రోజు ఆయనే అన్నాడు, ఆ టైముకి పడమటి గోడ మీద ఎండ పడుతుంది సార్ అని. టెంపరేచర్ కొలిచే థర్మోకపుల్ చూపించేది రెండు కొసల మధ్య తేడానే, చల్లటి కొస ఉన్న జంక్షన్ బాక్స్ ఆ గోడకే బిగించి ఉంది, అది వేడెక్కితే తేడా తగ్గుతుంది, ఆ వేడిని లెక్కలో కలపాల్సిన సెన్సరేమో ఏసీ గదిలో ఉంది. బాక్సు నీడలోకి మార్చి సెన్సర్ని దాని పక్కనే పెట్టాం, అయిపోయింది. ఒక్క ఇన్‌స్ట్రక్షన్ కూడా మార్చలేదు.

అక్కడి ఇంజినీర్ ఒకాయన తర్వాత ఒక పంచదార ఫ్యాక్టరీకి చీఫ్ ఇంజినీర్‌గా వెళ్ళారు. 1987లో ఆయన్నుంచి కబురొచ్చింది, కాటా దగ్గర రైతులతో రోజూ గొడవ, వచ్చి చూడండి అని. పది రోజులు సెలవు పెట్టి వెళ్ళా, ఆ మార్చిలో ఉద్యోగం మానేసా. మా ఆవిడ టీచరు, ఆ జీతం మీదే రెండేళ్ళు ఇల్లు గడిచింది, ఇది దాచి చెప్తే మీకు అన్యాయం చేసినట్టు.

అక్కడ కూడా ముందు కాటా దగ్గరే కూర్చున్నా. నిండు బండి తూకం, ఖాళీ బండి తూకం గుమాస్తా చేత్తో రాసి తీసేస్తున్నాడు, రైతుకి కాగితం ఒక్కటే కనిపిస్తుంది, నమ్మకం ఎక్కడ్నుంచి వస్తుంది? ఒక పీసీ, అందులో డీబేస్ అనే డేటా ప్రోగ్రాం, కాటా ఇండికేటర్ నుంచి సీరియల్ కేబుల్, మూడు కాపీల స్లిప్పు కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్. వీటన్నిటికంటే పనిచేసింది రైతు వైపుకి తిప్పి పెట్టిన పెద్ద అంకెల డిస్‌ప్లే, స్లిప్పు రాకముందే తన బండి బరువు తనే చదువుకునేవాడు. వారంలో గొడవలు తగ్గాయి. తర్వాత రెండో పని. 1966 నాటి చెరకు కంట్రోల్ ఆర్డర్ ప్రకారం చెరకు తోలిన 14 రోజుల్లో రైతుకి డబ్బులియ్యాలి, దాటితే ఏడాదికి 15 శాతం వడ్డీ. ఎవరికి 14 రోజులు దాటబోతున్నాయో రోజూ పొద్దున్నే లిస్టు తీసిచ్చే ప్రోగ్రాం రాసా. ఆ లిస్టే నాకు పక్క జిల్లాల్లో ఇంకో మూడు ఫ్యాక్టరీలు తెచ్చింది.

వైటూకే అప్పుడు అదే లిస్టు నన్ను భయపెట్టింది. క్రషింగ్ సీజను డిసెంబరు నుంచి జనవరిలోకి సాగుతుంది కదా, తేదీలో సంవత్సరానికి రెండంకెలే పెట్టుకున్నాం, 99 డిసెంబరు 25న తోలిన చెరకుకి గడువు 00 జనవరి 8, కంప్యూటరేమో 00 అంటే 99 కంటే ముందే అనుకుని అందరికీ గడువు ఎప్పుడో దాటిపోయిందంటుంది. మా కుర్రాళ్ళు ఆరుగురూ 98 సీజను అయిపోయినప్పట్నుంచే ఫైళ్ళు మార్చడం మొదలెట్టారు. అన్నట్టు, 2000 ఫిబ్రవరి 29 విషయంలో 4తో భాగించే మామూలు రూలు రాసినవాళ్ళకి ఏమీ కాలేదు, 100తో భాగించగలిగే ఏడాదికి లీపు ఉండదని గుర్తుపెట్టుకుని, 400తో భాగించగలిగితే మళ్ళీ ఉంటుందన్న సంగతి మర్చిపోయినవాళ్ళ ప్రోగ్రాములే తప్పాయి.

మెషీన్లు ఎన్ని మారినా ఎలా నిలబడ్డారు అన్నారు. డీబేస్ పోయి ఫాక్స్‌ప్రో వచ్చింది, నోవెల్ నెట్‌వర్క్ వచ్చింది పోయింది, అవన్నీ మేం నేర్చుకున్నాం, కానీ ఫ్యాక్టరీ వాళ్ళు మమ్మల్ని పిలిచింది మాత్రం కాటా సంగతి, చెరకు సంగతి మాకు తెలుసు కాబట్టి. మీకు ఇన్సూరెన్స్ 25 ఏళ్ళుగా తెలుసు. మిమ్మల్ని మీరు కోబాల్ మనిషి అని చెప్పుకోకండి.

మెహదీపట్నం లెక్కలు:

పెద్దాయన చెప్పింది అమూల్యం. నేను డబ్బుల వైపు మాత్రం చెప్తా, ఎందుకంటే నాకు అక్కడే దెబ్బ తగిలింది, ఒక కంపెనీ నా బిల్లు 11 నెలలు ఆపింది, నేను అడగడానికే మొహమాటపడ్డా. మొదటి రోజే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు) చేయించుకోండి, ఫీజు లేదు. చిన్న సంస్థలకి రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే 45 రోజులు దాటకుండా చెల్లించాలి అని 2006 ఎంఎస్ఎంఈ చట్టంలోనే ఉంది, దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకి మూడు రెట్లు వడ్డీ. 2024 ఏప్రిల్ నుంచి ఇన్‌కంటాక్స్‌లో కూడా పట్టు బిగించారు, గడువులో మనకి ఇవ్వకపోతే ఆ ఖర్చు ఆ ఏడాది వాళ్ళ లెక్కలో చూపించుకోలేరు, మళ్ళీ ఇచ్చినప్పుడే. ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ తప్పదు, 18 శాతం, దాన్ని మీ రేటులో కలిపేసి చెప్పకండి, పైన వేరుగా చూపించండి.

రెడింగ్ తెలుగమ్మాయి:

పాత టీడీసీ బాబాయిగారూ, మీ థర్మోకపుల్ కథ మా టీమ్ మొత్తానికి చెప్పా. ఇక్కడ ఇంగ్లండులో ఇలాంటి దారే నడిచిన ఒకావిడ గురించి చెప్పాలి, స్టెఫనీ షర్లీ. 1933లో జర్మనీలో పుట్టి, యూదుల పిల్లల్ని రైళ్ళలో పంపించేసిన రోజుల్లో 1939లో అయిదేళ్ళ వయసులో ఇక్కడికి వచ్చింది. పోస్టాఫీసు రీసెర్చ్ స్టేషన్లో తొలినాటి కంప్యూటర్ల మీద పనిచేసి, 1962లో 6 పౌండ్లతో ఇంట్లోనే కంపెనీ పెట్టింది. పెళ్ళయి పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేసిన ఆడవాళ్ళనే తీసుకునేది, మొదటి 300 మందిలో 297 మంది ఆడవాళ్ళే. ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద కాగితం పెన్సిలుతో ప్రోగ్రాం రాసి, దాన్ని రంధ్రాలుగా కొట్టే పంచింగుకి పంపేవాళ్ళు. కాంకార్డ్ విమానం బ్లాక్ బాక్స్ ప్రోగ్రాములు అలా ఇళ్ళల్లో కూర్చుని రాసినవే. తన పేరుతో ఉత్తరం రాస్తే జవాబు రావట్లేదని స్టీవ్ అని సంతకం పెట్టడం మొదలెడితే అప్పుడు జవాబులొచ్చాయి.

అమీర్‌పేట99 గారు డబ్బులెలా అడగాలి అన్నారు కదా, ఆవిడ చేసింది ఇదీ. ఎవరు ఎన్ని గంటలు చేసారో క్లయింట్‌కి చెప్పకుండా పని మొత్తానికి ఒక ధర చెప్పేది. వాళ్ళ పిల్లాడు నిద్రపోయాక చేసిన గంటలు ఎన్నో ఎవరికీ అక్కర్లేదు. కంపెనీ 1996లో షేర్ మార్కెట్‌కి వచ్చేసరికి స్టాఫ్‌కి అప్పటికే వాటా ఇచ్చి ఉంది, 70 మంది మిలియనీర్లయ్యారు. 2025 ఆగస్టులో పోయింది, ఆ రోజు నేను నిజంగా ఏడ్చాను.

అమీర్‌పేట99:

ఒక్కొక్కరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. పెద్దాయన చెప్పాక రాత్రి ఒక కాగితం తీసుకుని నాకు ఇన్సూరెన్స్‌లో నిజంగా ఏం తెలుసు అని రాసుకున్నా. ప్రీమియం కట్టడం ఆగి పాలసీ ల్యాప్స్ అయ్యాక మళ్ళీ బతికించే లెక్కలు, ఆ లెక్కలన్నీ రాత్రిపూట వరసగా నడిచే బ్యాచ్‌లో ఏది ఎందుకు పడిపోతుందో నాకు బాగా తెలుసు. నాతో 2011లో పనిచేసిన ఆపరేషన్స్ మేడం ఒకావిడ ఇప్పుడు చెన్నైలో చిన్న ఇన్సూరెన్స్ కంపెనీలో ఉన్నారు, సోమవారం ఫోన్ చేస్తా. రెజ్యూమ్ పంపమంటారా?

పాత టీడీసీ:

పంపకండి. ఆవిడ బాధ ఏంటో ముందు వినండి, ఒక రోజు వచ్చి చూస్తానని అడగండి, రైలు ఛార్జీలు మీవే పెట్టుకోండి. వెళ్ళాక పోయిన మూడు నెలల్లో రాత్రి బ్యాచ్ ఎన్నిసార్లు ఆగిందో ఆ లాగ్ అడగండి, ఆగినప్పుడు లేచి వచ్చే మనిషి ఎవరో కనుక్కుని ఆ రాత్రి అతని పక్కన కూర్చోండి. ధర సంగతి తెల్లారాక మాట్లాడొచ్చు. ఏం జరిగిందో ఇక్కడ రాయండి, చూస్తుంటా.