మామిడి మండీ తూకం చీటీలకు వెబ్ అప్లికేషన్: జాంగోనా, లారవెలా?

తోతాపురి:
చిత్తూరు వైపు ఒక మండీకి తూకం చీటీల అప్లికేషన్ చేయాలి. రైతు పేరు, ఊరు, కాయ రకం (తోతాపురి, బేనీషా, నీలం), బండి తూకం, తరుగు, టన్ను ధర, కమీషన్, హమాలీ కూలి, చివరికి రైతు చేతికి ఎంత. కౌంటర్లో ముగ్గురు ఒకేసారి ఎంట్రీ కొడతారు. ఇప్పుడున్నది ఉత్త పీహెచ్‌పీ. అప్పుడప్పుడూ రెండు చీటీలకు ఒకే నంబరు పడుతోంది. తెల్లవారుజామున దిగిన బండ్లు ముందు రోజు లెక్కలోకి పోతున్నాయి. ఫ్రేమ్‌వర్క్‌కి (వెబ్ అప్లికేషన్‌కి మామూలుగా కావాల్సిన భాగాలు ముందే రాసి ఇచ్చే కోడు) మారితే ఈ రెండూ పోతాయా? నాకు పైథాన్, పీహెచ్‌పీ రెండూ వచ్చు, అందుకే పైథాన్‌లోని జాంగోనా, పీహెచ్‌పీలోని లారవెలా అని అడుగుతున్నా.

నీవానది:
పోవన్నా, వాటంతట అవి పోవు. లాగిన్, పాస్‌వర్డ్ హాషింగ్, ఫారం తనిఖీ, టేబుళ్ల మార్పులు, ఇవన్నీ ఫ్రేమ్‌వర్క్ చూసుకుంటుంది. చీటీ నంబరు, తేదీ, డబ్బు లెక్క మాత్రం మీరు సరిగ్గా రాసుకోవాల్సిందే.

జాంగో 5.2 తీసుకోండి. అది ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం మద్దతు ఉండే వెర్షన్), 2028 ఏప్రిల్ దాకా సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తాయి. పైథాన్ 3.10 గానీ ఆపైది గానీ కావాలి. మొదటి మైగ్రేషన్ (డేటాబేస్‌లో టేబుళ్లు కట్టే కమాండ్) కొట్టకముందే సొంత యూజర్ మోడల్ (యూజర్ల టేబుల్ ఎలా ఉండాలో చెప్పే కోడు) పెట్టుకోండి, ఖాళీదైనా సరే. టేబుళ్లు పడ్డాక దాన్ని మార్చడం నరకం.

నంబరు సంగతి: మీ పాత కోడు బహుశా 'ఇప్పటిదాకా పెద్ద నంబరు ఎంత, దానికి ఒకటి కలుపు' అని అడుగుతూ ఉంటుంది. ఇద్దరు ఒకే క్షణంలో అడిగితే ఇద్దరికీ ఒకే జవాబు. సీజన్‌కి ఒక వరుస ఉండే కౌంటర్ టేబుల్ పెట్టండి. ట్రాన్సాక్షన్ అటామిక్ (లోపలి పనులన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అనే బ్లాకు) లోపల ఆ వరుసను సెలెక్ట్ ఫర్ అప్‌డేట్‌తో (మిగతావాళ్లు ఆగేలా వేసే లాకు) పట్టుకుని, ఒకటి పెంచి, అదే ట్రాన్సాక్షన్‌లో చీటీ సేవ్ చేయండి. ఆ లాకును అటామిక్ బయట వాడితే ఎర్రర్ ఇస్తుంది, అది నయం. జాంగో మామూలుగా వాడే చిన్న డేటాబేస్ ఎస్‌క్యూలైట్‌లో అయితే లాకు వేయకుండా, ఎర్రరూ ఇవ్వకుండా ఊరుకుంటుంది. అందుకే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పెట్టండి. సీజన్, నంబరు కలిపి యూనిక్ కన్‌స్ట్రెయింట్ (అదే జత రెండోసారి పడనివ్వని నియమం) కూడా వేయండి. వరుస నంబర్లు తనే ఇచ్చే పోస్ట్‌గ్రెస్ సీక్వెన్స్ చాలదా అంటే, ట్రాన్సాక్షన్ వెనక్కి పోయినా అది తీసుకున్న నంబరు తిరిగి ఇవ్వదు. మధ్యలో నంబర్లు ఎగిరిపోతే లెక్కలు చూసేవాళ్లు ఊరుకోరు.

తేదీ సంగతి: సర్వర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటే మనకు తెల్లవారి 5:30 అయ్యేదాకా దానికి నిన్నే. టైమ్ జోన్ 'ఏషియా/కోల్‌కతా' పెట్టినంత మాత్రాన సరిపోదు. టైమ్‌జోన్ నౌ నుంచి డేట్ తీస్తే యూటీసీ తేదీయే వస్తుంది. లోకల్ డేట్ అనే ఫంక్షన్ వాడండి.

డబ్బుకు ఫ్లోట్ (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచేది) వద్దు, డెసిమల్ ఫీల్డే. 4,260 కిలోల బండికి 5 శాతం తరుగు తీస్తే 4,047 కిలోలు, టన్ను 12,000 చొప్పున 48,564 రూపాయలు. ఇది సాఫీగా వచ్చింది, అన్నీ ఇలా రావు. పైథాన్ డెసిమల్ మామూలుగా సగాన్ని సరి అంకె వైపు తిప్పుతుంది: 12.125 కాస్తా 12.12 అవుతుంది, గుమాస్తా లెక్కలో 12.13. రౌండ్ హాఫ్ అప్ అని మీరే చెప్పాలి.

ఇంకోటి, దీన్ని చాలామంది మరిచిపోతారు. ధర, తరుగు శాతం, కమీషన్ శాతం చీటీలోనే రాసి ఉంచండి. ధరల టేబుల్‌కి లింకు మాత్రమే ఇస్తే, రేపు ధర మార్చగానే నిన్నటి చీటీల మొత్తాలు కూడా మారిపోతాయి.

పాకాల_జంక్షన్:
నంబరు, తేదీ గురించి పైన చెప్పింది లారవెల్‌కీ వర్తిస్తుంది, అక్కడ లాక్ ఫర్ అప్‌డేట్ అంటారు. చవక షేర్డ్ హోస్టింగ్‌లో పెట్టేదైతే లారవెలే సులువు. కాకపోతే డొమైన్‌ని పబ్లిక్ ఫోల్డర్‌కే చూపించాలి. పై ఫోల్డర్‌కి చూపిస్తే డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఎన్వ్ ఫైల్ ఊరందరికీ తెరిచినట్టే. ఫారం కొట్టగానే 419 వస్తే సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ (ఫారం మన సైటు నుంచే వచ్చిందని చూపే గుర్తు) పెట్టలేదనో, సెషన్ గడువు అయిపోయిందనో అర్థం.

అయినా ఈ పనికి నా ఓటు జాంగోకే, అడ్మిన్ కోసం. మోడల్ రాసి రిజిస్టర్ చేస్తే ఓనరు చూసుకునే పేజీలు వచ్చేస్తాయి. కౌంటర్ ఎంట్రీకి మాత్రం అడ్మిన్ ఇవ్వకండి, వేరే ఫారం రాయండి. రైతులు వేలల్లో ఉంటే డ్రాప్‌డౌన్ మొత్తం లోడై పేజీ మొరాయిస్తుంది. ఆటోకంప్లీట్ ఫీల్డ్స్ పెట్టండి, రైతు అడ్మిన్‌లో సెర్చ్ ఫీల్డ్స్ లేకపోతే అది పనిచేయదు. చీటీని డిలీట్ చేసే వీలు ఎవరికీ వద్దు, 'రద్దు' అని గుర్తు పెడితే చాలు. రైతు లింకుకు ఆన్ డిలీట్ ప్రొటెక్ట్ పెట్టండి, చీటీలున్న రైతును తీసేయనివ్వదు. క్యాస్కేడ్ పెడితే రైతు పేరుతో పాటు అతని చీటీలన్నీ పోతాయి.

తోతాపురి:
మంచిది. మండీలో నెట్ నిలకడగా ఉండదు, కాబట్టి అక్కడి విండోస్ పీసీలోనే పెట్టాలి. చీటీ తెలుగులో ప్రింట్ కావాలి, పీడీఎఫ్ లైబ్రరీలో వత్తులు విడిపోతున్నాయి.

నీవానది:
జాంగోను నడిపే సర్వర్ ప్రోగ్రాముల్లో గునికార్న్ విండోస్‌లో నడవదు, వెయిట్రెస్ వాడండి. జాంగోతో వచ్చే పరీక్షల సర్వర్ రన్‌సర్వర్‌తో సీజన్ నడపొద్దు. డీబగ్ ఫాల్స్ చేయగానే రెండు జరుగుతాయి. అలౌడ్ హోస్ట్స్‌లో ఆ పీసీ ఐపీ (192.168.1.10 లాంటిది) లేకపోతే 400 వస్తుంది. స్టాటిక్ ఫైళ్లు (సీఎస్ఎస్, బొమ్మల్లాంటివి) ఆగిపోయి అడ్మిన్ పేజీ బోడిగా కనిపిస్తుంది. ఆ ఫైళ్లను అందించే వైట్‌నాయిస్ లైబ్రరీని సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ మిడిల్‌వేర్ కిందే పెట్టి, కలెక్ట్ స్టాటిక్ కొట్టండి. రూటర్‌లో ఆ పీసీకి ఐపీ మారకుండా కట్టేయండి.

వత్తులు విడిపోయేది ఆ లైబ్రరీ అక్షరాలను కలపకుండా విడివిడిగా పేర్చడం వల్ల. ఫాంటు మార్చినా లాభం లేదు. వీజీప్రింట్ అనే పీడీఎఫ్ లైబ్రరీ సరిగ్గా కలుపుతుంది గానీ విండోస్‌లో దానికి పాంగో లైబ్రరీ ఎక్కించడం తలనొప్పి. ఒక్క చీటీ కోసం ఆ తంటా ఎందుకు? చీటీని మామూలు వెబ్ పేజీగా చేసి, పేజీ వెడల్పు 80 మిల్లీమీటర్లని సీఎస్ఎస్‌లో పెట్టి, బ్రౌజర్ నుంచే ప్రింట్ ఇవ్వండి.

పాకాల_జంక్షన్:
రోజు లెక్క సీఎస్వీలో ఇస్తే ఎక్సెల్ తెలుగును పిచ్చి గీతలుగా చూపిస్తుంది. యూటీఎఫ్-8-సిగ్ ఎన్‌కోడింగ్‌తో రాయండి, సరిపోతుంది. రోజూ కౌంటర్ మూసేటప్పుడు పీజీ డంప్ (పోస్ట్‌గ్రెస్ బ్యాకప్) తీసి పెన్‌డ్రైవ్‌లో వేయండి, అదే పీసీలో ఇంకో ఫోల్డర్లో కాదు.