అండర్ 14 ఫుట్‌బాల్ మ్యాచ్‌లకి రిఫరీలు దొరకట్లేదండి, మీ వైపు ఎలా నెట్టుకొస్తున్నారు?

లంకల_మాస్టారు:

నమస్కారమండి అందరికీ. కోనసీమలో గోదారి గట్టు పక్క హైస్కూల్లో పీఈటీని, పిల్లల భాషలో డ్రిల్లు మాస్టారిని. నేనాడింది వాలీబాల్, డ్రిల్లు మాస్టార్ల కోర్సు బీపీఈడీలో ఫుట్‌బాల్ రూల్స్ చదివాను పరీక్ష రాశాను, అక్కడితో సరి. ఇప్పుడేమో పిల్లలకి ఫుట్‌బాల్ పిచ్చి పట్టుకుంది, రాత్రి ఫోన్లో మెస్సీనీ ఎంబాపేనీ చూడ్డం, తెల్లారేసరికి గ్రౌండ్లో ఉండటం. సంతోషమే కదండీ, పిల్లలు ఆడతామంటే ఏ డ్రిల్లు మాస్టారు వద్దంటాడు.

అందుకని చుట్టుపక్కల స్కూళ్ళవాళ్ళం కలిసి ఆదివారాలు అండర్ 14 మ్యాచ్‌లు పెట్టుకుంటున్నాం. గోలు పోస్టులకి సరుగుడు బాదులు, వెనక కట్టింది అంతర్వేది వైపు నుంచి తెచ్చిన పాత చేపల వల, గీతలకి ముగ్గు. బాల్ మాత్రం మంచిదే కొన్నాం, పాత స్టూడెంట్స్ చందా వేసుకున్నారు. అన్నీ కుదిరాయి గానీ విజిల్ ఊదేవాడే కుదర్లేదు.

ఎవరి గ్రౌండ్లో ఆడితే ఆ స్కూల్ మాస్టారే ఊదుతున్నాడు. మా వాళ్ళు గెలిస్తే మాస్టారు గెలిపించాడంటారు, ఓడితే మా పిల్లల నాన్నలే మాస్టారు ఓడించేశాడంటారు. పోయిన ఆదివారం ఆఖర్లో మావాడొకడు గోలు కొట్టాడు, బాల్ పాస్ చేసేటప్పటికే అవతలి డిఫెండర్లని దాటి గోలు వైపు నిలబడి ఉన్నాడు, అది ఆఫ్‌సైడ్, చెల్లదన్నాను, అంతే, ఒకాయన లుంగీ ఎగ్గట్టుకుని గ్రౌండ్ మధ్యకొచ్చేసి "ఇంతకీ మీకు జీతమిచ్చేది ఏ స్కూల్ మాస్టారూ" అన్నాడు. అవతలి స్కూలు వాళ్ళు మూతులు ముడుచుకుని నవ్వుతున్నారు. అంతకుముందు ఇంటర్ చదివే మా పాత స్టూడెంట్ చేతికి విజిలిస్తే కుర్రాడు బాగానే ఊదాడు కానీ గట్టు మీద నుంచి పడ్డ తిట్లకి మళ్ళీ పిలిస్తే ఫోనెత్తట్లేదు.

అడిగేదేంటంటే, పరీక్ష పాసయిన రిఫరీలు ఎక్కడ దొరుకుతారు, ఎంతివ్వాలి, అసలు మా లంకల దాకా వస్తారా? రాకపోతే ఈ ఇంటర్, డిగ్రీ పిల్లల్నే తయారు చేసుకునే దారేదన్నా ఉందా?

భీమారం_బుల్లోడు:

కబడ్డీ పెట్టండి మాస్టారూ గొడవొదిలిపోద్ది. మా వైపు సంక్రాంతి వస్తే ఊరూరా కబడ్డీయే, ఊదేవాళ్ళు కావల్సినంతమంది. రైడ్‌కి 30 సెకన్లని మా బామ్మక్కూడా తెలుసు. ఆఫ్‌సైడ్ అంటే ఏంటో మీ ఊళ్ళో ఇద్దర్ని విడివిడిగా అడగండి, ఒకే మాట చెప్తే నేను పార్టీ ఇస్తా.

కాకినాడ_కుడికాలు:

బుల్లోడు గారు వెటకారంగా అన్నా అసలు విషయం అక్కడే ఉందండి. కబడ్డీకి ఊదేవాళ్ళు ఎందుకున్నారు? ప్రతి ఊళ్ళోనూ ఒకప్పుడు ఆడి మానేసినవాళ్ళు బోలెడుమంది కాబట్టి. ఫుట్‌బాల్‌కి మన పల్లెల్లో ఆ తరం ఇంకా తయారవలేదు, ఇప్పుడు ఆడుతున్న పిల్లలే రేపటి రిఫరీలు, ఈలోపు మధ్యలో ఖాళీ ఉండిపోయింది.

నేను యూనివర్సిటీ దాకా ఆడి తర్వాత రిఫరీ అయ్యాను కాబట్టి తెలిసింది చెప్తాను. రిఫరీ అవ్వాలంటే జిల్లా ఫుట్‌బాల్ అసోసియేషన్ వాళ్ళని పట్టుకోవాలి, వాళ్ళ ద్వారా రాష్ట్ర అసోసియేషన్ పెట్టే క్లాసులకి వెళ్ళాలి. రూల్స్ పుస్తకంలో 17 నియమాలు (లాస్ అంటారు), వాటి మీద రాత పరీక్ష, తర్వాత గ్రౌండ్లో నిలబెట్టి చూస్తారు, ఫిట్‌నెస్ టెస్ట్ వేరే. కింది గ్రేడ్‌లో మొదలెట్టి మెట్టు మెట్టుగా ఎక్కాలి. పైకెళ్ళేకొద్దీ పరుగే చంపేస్తుంది, ఇంటర్నేషనల్ వాళ్ళకి పెట్టే టెస్ట్‌లో 75 మీటర్లు పరుగు 25 మీటర్లు నడక, అలా 40 సార్లు, మొత్తం 4 కిలోమీటర్లు, మధ్యలో ఆగేది లేదు. దీనికి భయపడి ఆగిపోకండి, స్కూల్ మ్యాచ్‌కి అంత అక్కర్లేదు.

మరి ఉన్నవాళ్ళు ఎందుకు దొరకరంటే, స్కూల్ గేమ్స్ అండర్ 14, అండర్ 17, అండర్ 19 మూడూ మండలం నుంచి జిల్లాకి, జిల్లా నుంచి స్టేట్‌కి అని కొద్ది వారాల్లోనే తోసేస్తారు, కాలేజీ టోర్నమెంట్లూ దాదాపు అప్పుడే. ఉన్న కొద్దిమందీ ఉద్యోగస్తులు, వర్కింగ్ డే రోజు లీవు పెట్టుకుని రావాలి. కాకినాడలో బయల్దేరి రాజోలు వెళ్ళి ఒక మ్యాచ్ చేసి వచ్చేసరికి పొద్దుపోతుంది, నరసాపురంలో ఉండేవాడు పంటు పడవ మీద గోదారి దాటి సఖినేటిపల్లి వచ్చి అక్కణ్ణుంచి ఆటో ఎక్కాలి, చేతిలో పెట్టేది ఆ ఖర్చులకే సరిపోదు. అయినా డబ్బు చాల్లేదని మానేసినవాళ్ళు నాకు తెలిసి తక్కువే, తిట్లు పడలేక మానేసినవాళ్ళే ఎక్కువ. మీ ఇంటర్ కుర్రాడు ఫోనెత్తట్లేదన్నారే, మాలో సగం మంది అలాగే పోయారు.

ఇక మీ ఆదివారం లీగ్ సంగతి. ఎవరి గ్రౌండ్లో ఆడితే వాళ్ళే ఊదడం ముందు ఆపండి. ఒక చోట మూడు స్కూళ్ళని పిలవండి, రెండు ఆడుతుంటే మూడో స్కూల్ మాస్టారు ఊదాలి, తర్వాత మ్యాచ్‌కి మారాలి. రూల్స్ అందరికీ అంతంతమాత్రంగా వచ్చినా ఫర్వాలేదు, జీతం ఎవరిస్తున్నారు అనే ప్రశ్న మాత్రం రాదు. లైన్ మీద చెరో స్కూల్ నుంచి ఒక పిల్లాణ్ణి జెండా ఇచ్చి పెట్టండి, బాల్ బయటికెళ్ళిందా లేదా అంతవరకే వాళ్ళ పని, ఆఫ్‌సైడ్ మాత్రం వాళ్ళ నెత్తిన పెట్టకండి.

పాలకొల్లు_టు_డాలస్:

ఇక్కడేదో స్వర్గం అనుకోకండి బావగార్లూ. అమెరికాలో 2018-19 తర్వాత మూడేళ్ళలోనే హైస్కూల్ ఆటలకి ఊదేవాళ్ళు 50,000 మంది దాకా మానేశారని ఇక్కడి స్కూల్ క్రీడల ఫెడరేషనే మొత్తుకుంది, అది అన్ని ఆటలూ కలిపి. కారణం కూడా మీ లుంగీ ఆయనే, కాకపోతే ఇక్కడ షార్టు వేసుకుని మడత కుర్చీలో కూర్చుని అరుస్తాడు. ఇంగ్లండ్‌లో 2023లో చిన్న మ్యాచ్‌ల రిఫరీల ఛాతీకి కెమెరాలు కట్టి ట్రయల్ చేశారంటే చూస్కోండి.

ఒకటి మాత్రం నచ్చింది. ఇక్కడ 13 ఏళ్ళు నిండితే చాలు సాకర్ రిఫరీ కోర్సు చేసెయ్యొచ్చు. మా పక్కింటి పిల్ల చిన్న చిన్న పిల్లల మ్యాచ్‌లు ఊది పాకెట్ మనీ సంపాదించుకుంటోంది. మీ ఇంటర్ కుర్రాడు చిన్నవాడేం కాదు మాస్టారూ, తప్పల్లా గట్టు మీద వాళ్ళదే.

గోల్‌కీపర్_వాళ్ళ_అమ్మ:

నేను ఆడలేదండి, మా అమ్మాయి ఆడుతుంది, గోల్‌కీపర్. అందరూ ఆఫ్‌సైడ్ గురించి మాట్లాడుతున్నారు కానీ మాకు అసలు భయం వేరే.

ఒక టోర్నమెంట్‌లో, ఊరు పేరు ఎందుకులెండి, కార్నర్ బాల్‌కి మా పాప ఎగిరితే అవతలి అమ్మాయి తల వచ్చి దీని కణతకి తగిలింది, ఇద్దరూ పడిపోయారు. విజిల్ పట్టుకున్నాయన బాల్ వైపే చూస్తున్నాడు, ఆట నడుస్తూనే ఉంది, నేను గీత దాటి లోపలికి పరిగెత్తాక గానీ ఆపలేదు. ఆపినాక, దెబ్బ తగిలినవాళ్ళు బయటికెళ్ళి మళ్ళీ పర్మిషన్ అడిగి రావాలి, లేదంటే కీపర్ లేకుండానే మొదలెట్టేస్తానన్నాడు. మా వారు ఇంటికొచ్చి రూల్స్ తీసి చూస్తే గోల్‌కీపర్‌కి దెబ్బ తగిలితే బయటికి పంపాల్సిన పని లేదట, అక్కడే చూసుకోవచ్చట, పైగా గట్టి దెబ్బ అనిపిస్తే ఆట అప్పటికప్పుడు ఆపెయ్యాలట. తెలిసిన రిఫరీ కావాలని నేననేది గెలుపోటముల కోసం కాదు, ఇందుకండి.

ఇంకోటి మాస్టారూ, మీ సరుగుడు బాదులు పాతారా, ఊరికే నిలబెట్టి తాడు కట్టారా? పైన అడ్డబాదు పిల్లల నెత్తి మీద పడితే ఎవరిది పూచీ? పోస్టులు నేలకి గట్టిగా బిగించి ఉండాలని మొదటి రూల్‌లోనే ఉందట, ఆట మొదలయ్యే ముందు అది ఊపి చూడాల్సింది కూడా రిఫరీయే.

అమ్మాయిల మ్యాచ్‌లకి ఆడవాళ్ళు ఊదితే ఎంత బావుణ్ణు. 2022 ఖతార్ వరల్డ్ కప్‌లో జర్మనీ, కోస్టారికా మగవాళ్ళ మ్యాచ్‌కి స్టెఫానీ ఫ్రాపార్ట్ అనే ఆవిడ రిఫరీ, లైన్ మీద ఇద్దరూ ఆడవాళ్ళే. మా పాప ఆ వీడియో ఎన్నిసార్లు చూసిందో. పదో తరగతి అయ్యాక ఆట మానిపించేసిన ఆడపిల్లలు మన ఊళ్ళల్లో ఉన్నారు కదా, వాళ్ళనెవరన్నా అడిగారా అసలు?

తణుకు_ఇన్_జర్మనీ:

ఇక్కడ చిన్నపిల్లల మ్యాచ్‌లకి చాలాచోట్ల రిఫరీయే ఉండడు. ఫౌలో కాదో పిల్లలే తేల్చుకుంటారు, రెండు టీముల కోచ్‌లూ ఒకే చోట నిలబడాలి, తల్లిదండ్రులు గ్రౌండ్‌కి 15 మీటర్లు దూరం. ట్రై చేయొచ్చు కదా?

భీమారం_బుల్లోడు:

15 మీటర్లా. మా స్కూల్ గ్రౌండ్ పక్కనే రొయ్యల చెరువు, పేరెంట్స్ అంతా చెరువులో ఏరేటర్ పక్కన నిలబడి చూడాలి.

లంకల_మాస్టారు:

అమ్మగారూ, మూడడుగులు గొయ్యి తీసి పాతామండి, అడ్డబాదు మాత్రం కొబ్బరి తాడుతో కట్టిందే, ఈ వారం బోల్టులు వేయిస్తాను. మీరన్న అమ్మాయిల సంగతి నాకసలు తట్టలేదు, మా ఊళ్ళోనే డిగ్రీ చదువుతూ ఖాళీగా ఉన్నవాళ్ళు ఇద్దరున్నారు, ఇద్దరూ జిల్లాకి ఆడినవాళ్ళే.

జర్మనీ పద్ధతి మా అండర్ 14 వాళ్ళతో కుదరదు, తేల్చుకోమంటే సాయంత్రానికి గోదాట్లో తేల్చుకుంటారు. ఐదో తరగతి లోపు వాళ్ళకి చూస్తాను.

కుడికాలు గారూ, మూడు స్కూళ్ళ మాట ఇవాళే మా మాస్టార్ల గ్రూపులో పెట్టాను, ఇద్దరు సరేనన్నారు, ఒకాయన పెట్రోలెవరిస్తారన్నాడు. మరి ఈ పిల్లలకి నేర్పడం ఎక్కణ్ణుంచి మొదలెట్టాలండి?

కాకినాడ_కుడికాలు:

చిన్న మ్యాచ్‌ల నుంచండి. ఐదుగురు ఐదుగురు, లేదా ఏడుగురు ఏడుగురు, చిన్న గ్రౌండ్, ఆఫ్‌సైడ్ తీసెయ్యండి. పిల్లల ఆటలకి గ్రౌండ్ సైజు, టైము, బాల్ సైజు తగ్గించుకోవచ్చు, బయటికెళ్ళిన పిల్లాడు మళ్ళీ లోపలికి రావచ్చు, రూల్స్ పుస్తకమే ఒప్పుకుంటుంది. నోరు పారేసుకున్న పిల్లాణ్ణి ఆటలోంచి పూర్తిగా పంపకుండా కాసేపు బయట కూర్చోబెట్టే ఏర్పాటు కూడా చేసుకోవచ్చు, ఆ వయసుకి రెడ్ కార్డ్ కంటే అదే బాగా పనిచేస్తుంది. అక్కడ చెయ్యి తిరిగాక అండర్ 14కి తీసుకురండి.

మీ బీపీఈడీ నోట్స్ మాత్రం అటక మీద పెట్టెయ్యండి. గోల్ కిక్, అంటే గోలు ముందు నుంచి ఆట మళ్ళీ మొదలెట్టే కిక్, కొట్టినప్పుడు బాల్ పెనాల్టీ ఏరియా (గోలు ముందు గీసిన పెద్ద డబ్బా) దాటేదాకా ఆగక్కర్లేదు, 2019 నుంచి లోపలే పాస్ ఇచ్చుకోవచ్చు. కీపర్ చేతిలో బాల్‌కి 6 సెకన్ల రూల్ పోయింది, 2025 జులై నుంచి 8 సెకన్లు, దాటితే అవతలివాళ్ళకి కార్నర్, ఆఖరి 5 సెకన్లు రిఫరీ చెయ్యెత్తి వేళ్ళతో లెక్క చూపించాలి. దీని మీద గొడవలు మొన్న కూడా చూశాను, ఇద్దరు మాస్టార్లు చెరో ఏడాది రూలు పట్టుకుని వాదించుకుంటున్నారు.

విజిల్ లోపల గోళీ ఉండేది కొనకండి, మన వానల్లో తడిసి అసలు టైముకే మూగబోతుంది. గోళీ లేనివి దొరుకుతాయి, ఫాక్స్ 40 లాంటివి, దాన్ని తెచ్చింది కూడా కెనడాలో ఒక బాస్కెట్‌బాల్ రిఫరీయే, గోళీ ఇరుక్కుని విజిల్ మోగక విసిగిపోయి.

కొత్తగా ఊదే పిల్లలు ఒంటరిగా ఉండకూడదు. ఒక పెద్దమనిషి, సర్పంచ్ అయినా సరే రిటైర్డ్ మాస్టారైనా సరే, గీత పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవాలి, ఆయన పని ఆట చూడ్డం కాదు గట్టు మీద వాళ్ళని చూడ్డం. ఎవడన్నా నోరు జారితే ఆట ఆపి, ఆయన లేచి వెళ్ళి బయటికి పంపాలి, పంపేదాకా బాల్ కదలకూడదు. రెండు మ్యాచ్‌లు అలా ఆగితే పక్కవాళ్ళే వాడి నోరు మూయిస్తారు.

డబ్బు సంగతి, మ్యాచ్‌కి రెండొందలో మూడొందలో మీ ఇష్టం, కానీ కవరు మ్యాచ్‌కి ముందే చేతిలో పెట్టెయ్యండి. అయ్యాక ఇస్తే గెలిచినవాళ్ళ దగ్గర తీసుకున్నాడని సాయంత్రానికల్లా కథ తిరుగుద్ది. పెట్రోలడిగిన మాస్టారికి కూడా అందులోంచే.

దసరా సెలవుల్లో ఒక ఆదివారం నేనొస్తాను, మీ ఇంటర్ కుర్రాడు, ఆ ఇద్దరమ్మాయిలూ ఉంటే చాలు. రావులపాలెం దాకా బస్సులో వచ్చేస్తా, అక్కణ్ణుంచి ఎవరన్నా బండేసుకుని రావాలి.

లంకల_మాస్టారు:

బండి నేనే తెస్తానండి, మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. అమ్మాయిలిద్దరూ సరేనన్నారు. కుర్రాడు ఇంకా ఫోనెత్తలేదు, వాళ్ళమ్మగారితో మాట్లాడాను, కుర్చీ వేసుకుని కూర్చునే పెద్దమనిషి ఎవరో ముందు చెప్పమంటున్నారు.

భీమారం_బుల్లోడు:

ఆ కుర్చీకి నన్ను పెట్టుకోండి మాస్టారూ, అరిచేవాళ్ళతో నాకు బాగా అలవాటు. కవరు మాత్రం ముందే.